ఆరో మెట్టుకీ ఏడో మెట్టుకీ మధ్య

ఆ రాత్రి జోంబాలో మూడోసారి కరెంటు పోయి వచ్చింది.
ల్యాబ్ మూల అగ్గిపెట్టెకి అన్నలాంటి చిన్న కంప్యూటరు
కళ్ళు నులుముకుని లేచి
ఇవాళ 1970 జనవరి ఒకటి అంది.
ఎవరూ వినిపించుకోలేదు.
అది మాత్రం నమ్మింది.
ఓ పసిపిల్ల నెత్తురు నమూనాకి ఆ తేదీనే అంటించి
జాబితా అట్టడుగుకి,
మేమెవరం ఎన్నడూ చూడని చోటికి తోసేసింది.

పిల్ల తల్లి బెంచీ మీద
చితెంజె నడుముకి బిగించుకుని కూర్చుంది, మాట్లాడకుండా.
ఫాన్యుయెల్ సీసా వెలుతురుకి పట్టి
"ఎలూబి అమ్మా, ఇది ఉంది, కానీ లేదు" అన్నాడు.

చేతిపుస్తకం తెరిచాను.
సాఫ్ట్‌వేర్ ఉచితం, పుస్తకమూ ఉచితమే.
ఆరో మెట్టు: యంత్రాన్ని ఆన్ చేయండి.
ఏడో మెట్టు: నమూనాని సులభంగా నమోదు చేయండి.
ఆ *సులభంగా* రాసినవాడు
టార్చిలైటు పళ్ళ మధ్య కరిచిపట్టి
ఏనాడూ టైపు చేసి ఉండడు.

రెండున్నర గంటలు.
దొరికింది, యాభై ఏళ్ళ కింద.
మలేరియా. తెల్లారకముందే మందు మొదలెట్టారు.

అప్పుడు ఆ తేదీ మళ్ళీ చూసి
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
నా గుర్తింపు కార్డు మీదా అదే.
ఎప్పుడు పుట్టావని గుమస్తా అడిగితే
మా మొక్కజొన్న చేలో నీటిగుర్రం పడ్డ ఏడాది అన్నాను,
మా అమ్మ అలాగే చెప్పేది.
అతను పెన్ను విదిలించి
జనవరి ఒకటి, డెబ్భై, అని వేసేశాడు.
తెలియనివాళ్ళందరికీ జనవరి ఒకటేనట.
చీకట్లోంచి లేచి వేళ తెలియనివాళ్ళం,
నేనూ ఆ డబ్బా
ఒకే రోజు పుట్టాం.

మర్నాడు సెలవు. బట్టలు నానబెట్టి
పుస్తకం చూసుకునేవాళ్ళకి దిద్దుబాటు పంపాను.
పద్నాలుగు వాక్యాలు. నీటిగుర్రం కూడా ఉంది అందులో.
నార్వే నుంచి సిండ్రె అనే కుర్రాడు బదులిచ్చాడు.
వాళ్ళ ఊరికి ఆ నెలంతా సూర్యుడు రాడట,
కరెంటు మాత్రం పోదట.
"తేదీ యంత్రానికి తనంతట తనే తెలుస్తుంది కదా?"
నెట్ ఉంటే తెలుస్తుంది నాయనా,
మాకది ఉన్నప్పుడు ఉంటుంది.

రెండు రోజులు చప్పుడు లేదు.
తర్వాత తన బల్ల మీది యంత్రానికి
నెట్ తీగ పీకి, కరెంటు తీగ పీకి, కరెంటొక్కటే మళ్ళీ పెట్టి చూశాడట.
"నాకూ డెబ్భై వచ్చింది" అని రాశాడు.
అంతే రాశాడు.

పద్నాలుగింట్లో పన్నెండు కొట్టేశాడు.
నీటిగుర్రం పోయింది. పోనీ.
ఒక్క దగ్గర నేను పట్టుబట్టాను:
*సులభంగా* తీసెయ్.
ఉంటే నష్టమేంటి అన్నాడు.
చేతకానివాళ్ళకి సిగ్గేస్తుంది అన్నాను.
తీసేశాడు.

దీనికి జీతం లేదు.
చివరి పేజీలో, చీమల బారు అక్షరాల్లో నా పేరుంది,
ఎలుబ్ అని, తప్పుగా.
ఊరందరి తప్పులూ దిద్దే పుస్తకంలో
అదింకా దిద్దలేదు నేను.

వానలు మొదలయ్యాయి.
నిన్న రాత్రి మళ్ళీ పోయి వచ్చింది.
కొత్తగా చేరిన తియాంజానె
తెర మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుంటోంది:
కరెంటు పోయి వస్తే ముందు తేదీ చూడండి.
1970 అని ఉంటే ఏ నమూనానీ ముట్టుకోకండి.
నేను సింకు దగ్గర గాజు పలకలు కడుగుతున్నాను.
వెనక్కి తిరగలేదు.

తను తేదీ చూసింది.
నా పుట్టినరోజు చెరిపేసి
ఇవాళ్టిది వేసింది.
అప్పుడు ముట్టుకుంది సీసాని.